ఫోను మోగితే నీళ్ళు

ఏప్రిల్ 4

పరుపుల మహారాజుకి అక్క రాస్తున్నది.

కవరు చింపగానే చివరి పేజీ చూసే అలవాటు నీది. చివర్లో ఏమీ లేదు, మొదటినుంచే చదువు. నేనూ మీ బావా క్షేమం. అక్కడ నువ్వూ మరదలూ సూదత్తా క్షేమమని తలుస్తాను.

అప్పుడప్పుడు ఊరికే ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయిందని కిందటి ఉత్తరంలో దెప్పావు. ఏం పోయిందో నీకు తెలీదూ? నేను ఈ నది ఆఫీసులో చేరిన కొత్తలో వరద వస్తోందని చెప్పడానికి ఫోన్ చేశాను. నన్ను నోరు తెరవనిస్తేగా! మరదలి దగ్గు, పక్కింటి పిల్లి ఈనిన సంగతి, దూది ధర, అన్నీ ఏకరువు పెట్టావు. నువ్వు ఆపేసరికి నది నీ గుమ్మం ఎక్కింది. ఆ ఏడే కదా ఒట్టు పెట్టుకున్నాం, నా ఫోన్ నీళ్ళ కోసమేనని, మిగతా కబుర్లన్నీ ఉత్తరాల్లోనేనని. అప్పటినుంచి నేను ఫోన్ చేసిన ప్రతిసారీ మీ వీధి వీధంతా సామాను మేడ ఎక్కించింది. చెయ్యనప్పుడు హాయిగా నిద్రపోయింది. ఇంత బాగా నడిచే పద్ధతిని నీ ఊసుపోక కోసం చెడగొట్టను.

ఆఫీసు సంగతి చెప్పాలి. మా గది గోడ మీద నల్ల పలక గుర్తుందా? కొండల్లో, మైదానంలో నీటిమట్టం కొలిచే కేంద్రాల నుంచి కబురు అందినప్పుడల్లా దాని మీద ఒక్కో దీపం వెలుగుతుంది. నువ్వు వచ్చినప్పుడు చూసి “సర్కసు డేరాలా ఉందే” అన్నావు. ఆ సర్కసు ఇప్పుడు మూతబడుతోంది. పరిశోధనకిచ్చే డబ్బు కోసేశారు. కొండ కేంద్రాలకు బ్యాటరీలు లేవు, కొలిచే మనుషులకు జీతాల్లేవు. ఒకదాని వెనక ఒకటి దీపాలు ఆరిపోతున్నాయి. అదే వారంలో మంత్రిగారు “వాతావరణ రక్షణ మహోద్యమం” ప్రకటించారు. ఆయన బొమ్మ మా ఆఫీసు ముందు ఎంత పెద్దది పెట్టారంటే, దాని వెనక బస్టాపు కనపడక జనం బస్సులు తప్పిపోతున్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆయన మా గది చూడటానికి వస్తారని తెలిసి మా డైరెక్టరు ఆరిపోయిన దీపాల మీద ఓ పోస్టరు అంటించారు. పచ్చటి ఆకు, దానికి కళ్ళూ నవ్వే నోరూ. “ఇదేమిటండీ?” అన్నాను. “గది కళగా ఉండాలి కదమ్మా” అన్నారు. మంత్రిగారు ఆ ఆకును చూసి ముచ్చటపడ్డారు కూడా.

నాకు కోపంగా ఉంది. భయంగా కూడా ఉంది. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?

సూదత్త మోకాలు ఎలా ఉంది?

నీ అక్క


ఏప్రిల్ 19

అక్కకి నమస్కారాలు. నిన్ను భరిస్తున్నందుకు బావగారికి ఇంకాస్త ఎక్కువ నమస్కారాలు.

మేము క్షేమం. క్షేమం కాదు, తీరిక లేనంత క్షేమం. మిట్ట మీద కొత్తగా కట్టిన ఆసుపత్రికి పరుపులన్నీ మన దుకాణం నుంచే. నా చెవుల్లో దూది, ముక్కులో దూది. నేను తుమ్మితే దిండు చిరిగినట్టుంటుందని నీ మరదలు నవ్వుతుంది.

సూదత్త మోకాలు గుమ్మడికాయలా వాచింది. అయినా పని మానదు. నాన్న హయాంలో కుట్టుపనికి చేరినప్పటినుంచీ ఆమె చోటు ఆమెదే కదా, గోడ ఫోను కింద ముక్కాలి పీట, భుజం మీది గుడ్డకు గుచ్చిన సూదుల వరస. జేబు ఫోన్లు వచ్చాయి, ఈ పాతది పీకేద్దామని నేనంటే నన్ను చంపినంత పని చేసింది. మొన్న బేరానికొచ్చిన పెద్దమనిషి ఎవరో దాన్ని ముట్టుకోబోతే చేతిమీద ఒక్కటిచ్చింది. “అది నది ఫోను బాబూ. మా పెద్దపిల్ల దాంట్లోంచే నదిని ఆపుద్ది” అంది. నువ్వు ఆపేదానివి కాదు, చెప్పేదానివని ఎన్నిసార్లన్నా ఆమె చెవికెక్కదు.

ఇప్పుడు ఆమెతోనే చిక్కు. వానాకాలం వస్తే ఆమె పడక దుకాణం వెనక గదిలోంచి మేడ మీదికి మారుస్తాం కదా. ఈ ఏడు మెట్లంటేనే మండిపడుతోంది. “ఒకసారి ఎక్కితే మళ్ళీ దిగను, నన్ను దించాల్సింది మీరే” అంటుంది. చూద్దాం, వానలకు ఇంకా టైముంది.

నీ ఆఫీసు గొడవ చదివాను. అక్కా, ఏమీ అనుకోకు, ఏటా ఏదో ఒక గొడవ ఉంటుంది నీకు. ఒకేడు కుర్చీలు, ఒకేడు డైరెక్టరు, ఈ ఏడు బ్యాటరీలు. కాస్త మంచిగా అడిగితే ఇవ్వకపోతారా? అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. నువ్వు అడిగే పద్ధతిలో అడిగితే అమ్మ కూడా పెట్టదనుకో. ఇంకో మాట. నువ్వు తిట్టిపోస్తున్న ఆ మహోద్యమం కింద మన వీధికి సైరను స్తంభం వస్తోందట. వరదొస్తే అదే కూస్తుంది. కాబట్టి మంత్రిగారిని పూర్తిగా ముంచెయ్యకు.

నీ తమ్ముడు


మే 11

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఆ తర్వాత నవ్వు పోయింది. ఏటా గొడవేనా నాది? సరే, ఈ ఏడు కూడా గొడవే అనుకో. ఇక ఆఫీసు సంగతులతో నీ ప్రాణం తియ్యనులే.

ఒక్కటి మాత్రం చెప్పాలి కాబట్టి చెబుతున్నా. నన్ను వేరే గదికి మార్చారు. పెద్ద గది, కిటికీ కూడా ఉంది. పని కూడా పెద్దదే, దేశంలోని నదులన్నిటికీ సంబంధించింది. కొత్త బల్ల, కొత్త కుర్చీ. వివరాలు తీరిగ్గా రాస్తాను.

ఆ సైరను స్తంభం సంగతి కనుక్కో. ఎప్పుడు పాతుతారు? దానికి కబురు ఎక్కణ్ణుంచి అందుతుంది? ఎవరు మోగిస్తారు? నవ్వులాటకు అడగడం లేదు, కనుక్కుని రాయి.

ఇక్కడ ఎండలు మాడ్చేస్తున్నాయి. మీ బావ సాయంత్రమైతే బాల్కనీలో తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుంటున్నారు. ఎదురింటివాళ్ళు ఆయనకు జ్వరమనుకుని పలకరించి వెళ్ళారు. ఇన్నేళ్ళలో ఇలాంటి ఎండ ఎరగం. కొండల మీద మంచు త్వరగా కరుగుతుందనుకుంటాను. అనుకోవడమే. ఇదివరకైతే తెలిసేది.

సూదత్తకు వేడినీళ్ళ కాపడం పెట్టమని మరదలికి చెప్పు. తైలాలతో తగ్గే వాపు కాదది.

అక్క


జూన్ 8

ప్రమోషన్ కొట్టిన మా అక్కకి,

దాచావు కానీ దొరికిపోయావు. పెద్ద గది, కిటికీ, దేశంలోని నదులన్నీ! దీన్ని ప్రమోషన్ అనకపోతే ఏమంటారు? వీధంతా చెప్పాను. పక్క దుకాణం తాళాల మనిషి అయితే “ఇకనుంచి మన నది ఒక్కదాన్నే చూడమంటే ఆవిడకు నామోషీ ఏమో” అని బెంగపడ్డాడు. మా అక్క ఎంత ఎత్తుకెళ్ళినా పుట్టింటి నదిని మరిచే రకం కాదని నేను సర్దిచెప్పాను. సూదత్త వచ్చినవాళ్ళందరికీ చక్కెర పంచింది. నాకు ఎంత గర్వంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

స్తంభం పాతారు. రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టాం. పైన ఎర్ర దీపం, నాలుగువైపులా నాలుగు గొట్టాలు. నువ్వు అడగమన్నవన్నీ ఇంజనీరును అడిగాను. “రాజధాని నుంచి సంకేతం దానంతటదే అందుతుంది, మనిషి ముట్టుకోనక్కర్లేదు” అన్నాడు. ఒకసారి మోగించి చూపించమని తాళాల మనిషి అడిగితే, ఆరంభోత్సవం రోజున వరద సైరను అపశకునం అన్నాడు. నవ్వొచ్చింది.

వానలు మొదలయ్యాయి, ఇంకా చినుకులే. అసలు ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే. సూదత్త మేడ ఎక్కనని మొండికేసింది. మోకాలు మడత పడటం లేదు. నిన్న రెండు మెట్లెక్కి ఏడ్చేసింది అక్కా. ఆమె ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. “పెద్దపిల్లకు రాయి. కింద పడుకోమంటే పడుకుంటా, మీదికి పొమ్మంటే పాక్కుంటూ పోతా. దాని మాటే నాకు మాట” అంది. నీ మరదలు పైనే ఉంచుదామంటుంది. నాకు మనసొప్పడం లేదు. ఆమెకు మెట్ల మీద ఏదైనా అయితే?

నువ్వు ఎలా అంటే అలా. త్వరగా రాయి.

ఆసుపత్రి పరుపులు సగం పైన కుట్టాం. మిగతావి కిందే పేరుస్తున్నాం, ఎలాగూ లారీ ఎక్కించాల్సినవే.

నీ తమ్ముడు


జూన్ 17

తమ్ముడికి,

నీ ఉత్తరం ఆఫీసుకు తీసుకెళ్ళి మళ్ళీ మళ్ళీ చదివాను. చక్కెర పంచారని రాసిన దగ్గర ఆగిపోయాను. ప్రమోషన్ లాంటిదేం కాదురా. అంత హడావుడి ఎందుకు చేశారు? సర్లే, అయ్యిందేదో అయ్యింది.

సైరను గురించి ఇక్కడ ఒకరిద్దరిని అడిగాను. జిల్లాల హెచ్చరికలన్నీ కొత్త పద్ధతిలోకి మారాయన్నారు. ఇంజనీరు రాజధాని నుంచి అందుతుందన్నాడంటే ఇక్కడే ఎక్కడో ఓ కొత్త కేంద్రం పెట్టే ఉంటారు. డబ్బు మా దగ్గర కోసి అక్కడ పెట్టారన్నమాట. మాకు తెలియనివ్వకపోవడం వాళ్ళ మర్యాద. పోనీలే, ఎవరు చూస్తేనేం, నదిని ఎవరో ఒకరు చూస్తున్నారు కదా. నీ ఉత్తరం చదివాక చాలా రోజుల తర్వాత నిన్న నిద్రపట్టింది.

సూదత్తను కిందే పడుకోనివ్వు. ఆ మోకాలితో రోజూ మెట్లు ఎక్కించి దించడం ఆమెను చంపడమే. సైరను కూస్తే మాత్రం ఆలోచించొద్దు, నువ్వూ తాళాల మనిషీ కలిసి ఎత్తుకునైనా పైకి చేర్చండి. మంచం గుమ్మానికి దగ్గరగా వెయ్యండి.

ఆమెతో చెప్పు, పెద్దపిల్ల కింద పడుకోమందని. నా మాట తలమీద పెట్టుకుంటుందని నాకు తెలుసు. అదే కాస్త బరువుగా ఉంది.

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపుతాను. మీరంతా క్షేమమని తలుస్తాను.

అక్క


జూలై 20

అక్కా,

సూదత్త పోయింది.

నువ్వు రావొద్దు. వంతెన తెగింది, అయినా అందుకు కాదు రావొద్దంటున్నది. వస్తే నీ మొహం చూసి ఏం అడగాలో నాకు తెలుసు, దానికి నువ్వు ఏం చెబుతావో అని భయం.

ఆ రోజు ఇక్కడ చినుకు లేదు. ఎండ కాస్తోంది, మేడమీద బట్టలు ఆరేశాం. నేనూ నీ మరదలూ లారీ మీద ఆసుపత్రికి పరుపులు చేర్చడానికి వెళ్ళాం. మిట్ట మీద నుంచి చూస్తే నది రంగు మారి కనపడింది. నేను గమనించాను అక్కా. గమనించి కూడా “అక్క ఫోన్ చెయ్యలేదుగా” అన్నాను. నీ మరదలు “వెళ్దాం పద” అంది. ఇంకో నాలుగు పరుపులు దించి వెళ్దామన్నాను.

నీళ్ళు పొలాలు దాటి వీధి చివరికొచ్చాక తాళాల మనిషి మన దుకాణానికి పరిగెత్తాడు. సూదత్త ఫోను కింద పీట మీద కూర్చుని దిండుకు కుట్లు వేస్తోందట. “అమ్మా లే, నది వస్తోంది” అన్నాడు. “పెద్దపిల్ల మోగించలేదు. అది మోగించకుండా నది గుమ్మం ఎక్కదు” అందట. చెయ్యి పట్టుకు లాగితే తిట్టింది. “నేను లేచి వెళ్ళాక ఫోను మోగితే ఎవరెత్తుతారు?” అందట. అతను తన దుకాణం మూసి ఇంకొకరిని తోడు తెచ్చుకుందామని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి నడుము లోతు. గుమ్మం దగ్గర పేర్చిన పరుపులు తడిసి, ఉబ్బి, కూలి తలుపుకు అడ్డం పడ్డాయి. తడిసిన పరుపు నలుగురు పట్టినా కదలదు. నేను కుట్టించినవి, నేను పేర్పించినవి.

సైరను కుయ్యలేదు. మూడో రోజు, బురద తీస్తుంటే, ఇంజనీరు వచ్చి వైరు సరిచేసి చేత్తో నొక్కి చూస్తే ఊళ్ళో కిటికీ అద్దాలు అదిరేలా కూసింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయట. పిల్లలు చెవులు మూసుకుని ఏడ్చారు.

నాకు ఒక్కటే చెప్పు. ఎందుకు ఫోన్ చెయ్యలేదు? పెద్ద గదిలోకి వెళ్ళాక మా నది నీ కంటికి ఆనలేదా?

తమ్ముడు


జూలై 27

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నేల మీద కూర్చుండిపోయాను. మీ బావ వచ్చి లేపేదాకా అలాగే ఉన్నానట.

అడిగావు కాబట్టి చెబుతాను. నాకు తెలియలేదురా. నీళ్ళు మీ గుమ్మం ఎక్కిన సంగతి నేను సాయంత్రం వార్తల్లో చూశాను, అందరితోపాటు. అప్పటినుంచి ఎన్నిసార్లు చేసినా మీ లైను కలవలేదు.

ఆ పెద్ద గది ప్రదర్శనల విభాగం. దేశంలోని నదులన్నీ అంటే వాటి ఫోటోలు. వచ్చే చలికాలం విదేశీ అతిథులకు చూపించడానికి బోర్డులు రాస్తున్నాను, “మన నదులు సురక్షితం” అని పెద్దక్షరాలతో. వరద అంచనా బల్ల ఏప్రిల్ చివర్లోనే ఎత్తేశారు. నా కుర్చీ ఖాళీ. ఆ నల్ల పలక కరెంటు కూడా తీసేశారు. నా నోరు మంచిది కాదని నన్ను బొమ్మల దగ్గర కూర్చోబెట్టారు.

ఇది నీకు మేలోనే రాయాల్సింది. నన్ను తీసి పక్కన పెట్టారని రాయడానికి సిగ్గేసింది. ఏటా నీకేదో గొడవ అన్నావు కదా, అదీ గుచ్చుకుంది. ఆ తర్వాత నువ్వు ప్రమోషన్ అన్నావు, చక్కెర పంచారన్నావు. ఆ చక్కెర నా గొంతులో అడ్డం పడింది. ఇంతలో సైరను వచ్చిందన్నావు. అమ్మయ్య, ఇక చెప్పకపోయినా ఫరవాలేదు, నా పని ఇంకెవరో చేస్తున్నారు అనుకున్నాను. అనుకోవాలని ఉంది కాబట్టి అనుకున్నాను.

నిన్న తెలిసింది. కొత్త కేంద్రం ఏదీ లేదు. నీ వీధి స్తంభానికి సంకేతం అందాల్సింది నా బల్ల నుంచే. స్తంభాలు కొన్నవాళ్ళకు బల్ల ఎత్తేసిన సంగతి తెలియదు. బల్ల ఎత్తేసినవాళ్ళకు స్తంభాలు కొన్న సంగతి తెలియదు. ఇద్దరూ ఒకే మహోద్యమం కింద జీతాలు తీసుకుంటున్నారు. నువ్వు నన్ను నమ్ముకున్నావు, నేను స్తంభాన్ని నమ్ముకున్నాను, స్తంభం నా ఖాళీ కుర్చీని నమ్ముకుంది.

సూదత్తను కింద పడుకోమన్నది నేను. ప్రభుత్వం చేసింది ప్రభుత్వానిది, ఆ మాట మాత్రం నాది. దాన్ని ఎవరి మీదికీ తోయను.

నన్ను తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

అక్క


ఆగస్టు 12

తమ్ముడికి,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. అయినా రాస్తున్నాను.

వరద మీద విచారణ సంఘం మా ఆఫీసుకు వచ్చింది. ముందురోజు డైరెక్టరు నన్ను పిలిచి, “నువ్వు ఇప్పుడు ఆ విభాగంలో లేవు కాబట్టి నిన్నేమీ అడగరు, ఇంట్లో విశ్రాంతి తీసుకోమ్మా” అన్నారు. ఎంత దయో! నేను సెలవు పెట్టలేదు.

సంఘం పెద్ద ఆ పాత గదిలో నిలబడి, “కొండల్లో ఇంత వాన, మంచు ఇలా ఒక్కసారి కరగడం ఎవరూ ఊహించలేనిది” అని రాయిస్తున్నాడు. మా వాళ్ళందరూ తలలూపుతున్నారు. నేను గోడ దగ్గరికెళ్ళి ఆ నవ్వే ఆకు పోస్టరును చింపేశాను. సగమే వచ్చింది, మిగతాది గోళ్ళతో గీకాల్సి వచ్చింది. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. కింద ఆరిపోయిన దీపాలు బయటపడ్డాయి.

“ఇవి కొండ కేంద్రాలు. ఇవి వెలుగుతుంటే నది ఆ వీధికి చేరే ముందు మాకు ఒక పగలంతా చేతిలో ఉండేది. ఇది ఊహించలేని వరద కాదండీ, చూడకుండా వదిలేసిన వరద. కళ్ళు పీకింది మనమే” అన్నాను. సూదత్త సంగతి కూడా చెప్పాను. ఫోను కింద కూర్చుని నా కోసం చూసిందని చెప్పాను. అక్కడ ఏడ్చేశాను. ఏడిస్తే విలువ తగ్గుతుందంటారు, తగ్గితే తగ్గనీ.

రాసుకున్నారు. ఎంత రాసుకున్నారో తెలియదు. సాయంత్రానికి నాకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది, గోడ పాడుచేసినందుకు. మర్నాడు మంత్రిగారు పేపర్లో ఇంకో మహోద్యమం ప్రకటించారు.

అయితే ఒకటి జరిగింది. బొమ్మల గదికి వెళ్ళనని చెప్పి పాత గదిలో నా కుర్చీలోనే కూర్చుంటున్నాను. లేవమనడానికి ఇంకా ఎవరికీ ధైర్యం చాలలేదు, పేపర్లు చూస్తున్నాయి కదా. పలకకు కరెంటు ఇచ్చారు. మైదానంలో రెండు దీపాలు వెలుగుతున్నాయి. అవి మీకు మరీ దగ్గర, అవి చెప్పేలోపు నది మీ వీధిలో ఉంటుంది. కొండ దీపాలు ఒక్కటీ వెలగలేదు. రోజంతా ఆ నల్ల గోడను చూస్తూ కూర్చుంటాను. చూసి ఏం చెప్పగలను? తెలియదు అని తప్ప.

వానాకాలం ఇంకా అయిపోలేదు. నువ్వు ఆ వీధిలో ఉన్నావు, నాకు అన్నం దిగడం లేదు. ఇల్లు మారిపోరా.

అక్క


ఆగస్టు 21

అక్కకి,

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కోపం ఒక్కటే కారణం కాదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా నువ్వు తిట్టమన్న తిట్లన్నీ నాకే తగులుతున్నాయి. నది రంగు చూసి కూడా పరుపులు దించినవాణ్ణి నేను. ఏటా గొడవేనని నీ నోరు మూయించిందీ నేనే. బ్యాటరీలంటే నవ్వాను. కోపం పూర్తిగా పోయిందని అబద్ధం రాయను. నిన్ను నది దగ్గర్నుంచి తప్పించారని ఒక్క ముక్క రాసి ఉంటే ఆమెను మోసుకునైనా మేడ ఎక్కించేవాణ్ణి. ఆ మాట నాలో ఉండిపోతుంది, నువ్వూ ఉంచుకో.

నువ్వు పోస్టరు చింపిన సంగతి నీ మరదలు వీధిలో అందరికీ చదివి వినిపించింది. తాళాల మనిషి విని, “గోడ బాగుచేయడానికి ఎంతవుతుందో కనుక్కోండి, మనం వేసుకుందాం” అన్నాడు. అతను ఇప్పటికీ సరిగ్గా నిద్రపోవడం లేదు. అతని తప్పేం లేదని రోజూ చెబుతున్నాను, రోజూ తల ఊపుతాడు.

ఇల్లు మారమన్నావు. నేను మారతాను సరే, వీధి ఎక్కడికి మారుతుంది? పెద్దవాళ్ళు, నడవలేనివాళ్ళు మా వీధిలో ఇంటికొకరున్నారు. సూదత్త ఒక్కతే కాదు.

అందుకే అందరం కూర్చుని ఒకటి అనుకున్నాం. పాత ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాం. ఫోను మోగకపోతే క్షేమం అనుకోవడం వల్లే ఆమె పోయింది. ఉత్తరాల్లో కూడా “మీరు క్షేమమని తలుస్తాను” అని ఇక రాయకు అక్కా. ఎవరూ ఏదీ ఊరికే తలచొద్దు. అడుగుదాం, చెప్పుకుందాం.

రోజూ సాయంత్రం దీపాలు చూశాక ఫోన్ చెయ్యి. నీళ్ళు వస్తున్నాయని తెలిస్తే ఆ మాట చెప్పు. రావడం లేదని తెలిస్తే అదీ చెప్పు. తెలియకపోతే “తెలియదు” అని చెప్పు. సిగ్గుపడకు. నువ్వు తెలియదన్న రోజు ఈ వీధిలో నడవలేనివాళ్ళందరినీ మేడలు ఎక్కిస్తాం. ఒక్కో కుర్చీకి నలుగురు చొప్పున మోసే మనుషులు సిద్ధంగా ఉన్నారు. కొండ దీపాలు వెలిగేదాకా రోజూ తెలియదనే చెప్పాల్సొస్తుందేమో. రోజూ ఎక్కిస్తాం. మా వాళ్ళు ఎక్కీ దిగీ విసిగిపోతారు, విసుక్కోనీ. బతికున్నవాళ్ళే కదా విసుక్కునేది.

ఫోను బాగుచేయించి మేడ మీద గోడకు తగిలించాను. పాత నంబరే. సూదత్త పీట బురదలో దొరికింది, ఒక కాలు వదులైంది, మేకు కొట్టాను. దాన్నీ పైకి తెచ్చి ఫోను కింద వేశాను. దాని చెక్క సందులో ఇంకా ఓ సూది గుచ్చి ఉంది, తియ్యలేదు.

ఈ ఉత్తరం అందిన రోజు సాయంత్రం నుంచే మొదలుపెట్టు. ఆ పీట మీద నేను కూర్చుని ఉంటాను.

నీ తమ్ముడు